చీనా పింగాణియు, యశబు రాయియు

మన యిండ్లలో ఊరగాయ పెట్టుకొను జాడీని మనము నిత్యము చూచుచున్నాము. ఉప్పుగాని, పులుపుగాని దానిని తినివేయలేవు. రాగిపాత్రకువలె దానికి కళాయి పెట్టింపవలసిన పనియు లేదు. ఉరుదూ మాటలాడువారు దానిని మర్తబాను అందురు. మర్తబాను అనునది బర్మాదేశమునందలి యొక రేవుపట్టణము. ఆ రేవునుండి ఓడలకెక్కిన పాత్రలకు ఆ యూరి పేరే స్థిరపడినది. ఇట్లు వంటింటి మాట యొకదానిలోనే సముద్రవ్యాపార చరిత్ర యిమిడియున్నది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల పెద్దలకు ఆ చరిత్రను కొంత విన్నవింతును.

పింగాణి చీనావారి సృష్టి. కొండలయందు దొరకు తెల్లని మెత్తని మన్నును, ఒక జాతి రాతిపొడిని కలిపి, రమారమి 1300 డిగ్రీల వేడిమిలో కాల్చినచో, మన్ను రాయివలె గట్టిపడి గాజువలె మెఱయును. మన కుమ్మరి ఆవములో అంత వేడిమి పుట్టదు. ఐరోపా వారికి ఈ రహస్యము చిరకాలము తెలియలేదు. బంగారము చేయుదునని చెప్పుకొన్న రసవాది నొకనిని జర్మనీలోని సాక్సనీ ప్రభువు నిర్బంధించి పని చేయింపగా, 1708వ సంవత్సర ప్రాంతమున అతని ప్రయోగశాలలో బంగారమునకు మాఱుగా పింగాణి పుట్టినది. ఆ కాలమున ఆ రెండింటికిని గల విలువను తలంచినచో ప్రభువునకు పెద్ద నష్టము కలుగలేదనవలెను.

మన దేశమునకు ఈ సరకు వచ్చిన దారులలో ముఖ్యమైనది మోటుపల్లి. ఈ రేవు నేటి బాపట్ల జిల్లాలో నున్నది. కాకతి గణపతిదేవ చక్రవర్తి 1244లో అచట నొక అభయశాసనము వేయించెను. అంతకు పూర్వము, తుపానునకు చిక్కి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన యోడలలోని సొమ్మునంతను రాజులు గైకొనెడివారు. గణపతిదేవుడు ఆ యాచారమును మాన్పి, నిర్ణయించిన సుంకము మాత్రమే తీసికొందుమని నావికులకు మాట యిచ్చెను. సుంకము పడు వస్తువులలో చందనము, ముత్యములు, పట్టునూలు మొదలగువానితోపాటు చీనా కర్పూరము కూడ పేర్కొనబడినది. పరుల ధనము తన తీరమున పడినను తనది కాదని యెంచిన ప్రభువు రేవునకు ఓడలు వచ్చుటలో వింత యేమున్నది? మోటుపల్లి త్రవ్వకములలోను, నెల్లూరు తీరమునందలి కొత్తపట్నములోను చీనా పాత్రల పెంకులు దొరకినవి. ఆ కాలముననే సూర్యాపేట చెంతనున్న పిల్లలమఱ్ఱిలో, కాకతీయుల సామంతులైన రేచర్ల రెడ్ల యాలయములలో శిల్పులు నల్లరాతి స్తంభములను అద్దములవలె నునుపు చేసిరి.

పిమ్మట గోలకొండ సుల్తానుల కాలమున మచిలీపట్నము పెద్ద రేవయ్యెను. తీరమునకును గోలకొండకును నడుమనున్న భూభాగము మీదే. చీనానుండి వచ్చిన పాత్రలలో లేత యాకుపచ్చ వన్నె గలవానిని మన దేశమున ఘోరీ పాత్రలనిరి. విషము కలిసిన యన్నము వడ్డించినచో ఆ పళ్లెము పగులుననియో, రంగు మాఱుననియో ప్రభువులు నమ్మిరి. ఇది విశ్వాసమే కాని సత్యము కాదు. అయినను, ఆ పళ్లెములు రాజగృహములలో అంత భద్రముగ నిలిచియుండుటకు ఆ భయము కూడ నొక కారణమై యుండవచ్చును.

ఇక యశబు రాయి. దీనినే ఆంగ్లమున జేడ్ అందురు. ఇది ఉక్కుకత్తికి లొంగదు. గట్టి యిసుకపొడిని నీటితో కలిపి, తిరుగు చక్రముతో దినముల తరబడి ఒరసి దీనికి రూపము తేవలెను. చీనావారికి ఇది బంగారముకంటె పూజ్యము. మధ్య ఆసియాలోని ఖోటాను నదులలో దొరకిన ఈ రాయి తూర్పున చీనాకును, దక్షిణమున మొగలు దర్బారునకును పోయెను.

ఈ రెండు జాతుల వస్తువులను మన కంటితో చూడవలెనన్న హైదరాబాదునందలి సాలార్జంగు మ్యూజియమునకు పోవలెను. మూడవ సాలార్జంగు, అనగా మీర్ యూసుఫ్ అలీ ఖాన్, 1889లో జన్మించి, 1912లో నిజాము కొలువున దివానై, 1914లో ఆ పదవిని విడిచెను. పిదప ముప్పదియైదేండ్లు వస్తు సేకరణమే ఆయన వ్రతము. 1949లో ఆయన గతించునప్పటికి భార్యాపుత్రులు లేరు. ఆ రాశి చెల్లాచెదరగునేమో యను భయము కలిగెను. అట్లు జరుగలేదు. ఆయన నివాసమైన దివాను దేవిడీలో 1951 డిసెంబరు 16న జవహర్లాల్ నెహ్రూ మ్యూజియమును ప్రారంభించెను. 1958లో కుటుంబమువారు రాజీపత్రము మూలమున దానిని ప్రభుత్వపరము చేసిరి. 1968లో మూసీ యొడ్డున నున్న నేటి భవనమునకు అది మాఱినది. అచట చీనా పింగాణి యున్నది. ఇల్తుత్మిష్ సుల్తాను పేరు గల యశబు గ్రంథపీఠము, షాజహాను విలువిద్యలో బొటనవ్రేలికి ధరించిన యుంగరము ఉన్నవి. ఒక ప్రభువు తన ముచ్చటకై కూర్చినది నేడు టిక్కెట్టు కొన్న ప్రతి రైతుదియు నైనది. ఆ భవనము ప్రక్కన పాఱు మూసీయే మిర్యాలగూడకు దక్షిణమున వాడపల్లివద్ద కృష్ణలో కలియుచున్నది.

పాతవానిని గుర్తించుటయు నొక విద్య. చీనా పాత్ర యడుగున చక్రవర్తి కాలమును తెలుపు ముద్ర యుండును. దానిని మాత్రమే నమ్మరాదు. 17, 18 శతాబ్దముల పనివారు పూర్వుల యెడ గౌరవముచేత 15వ శతాబ్దపు చక్రవర్తి ముద్రను తమ పాత్రలపై వ్రాసిరి. పిదపవారు మోసమునకే వ్రాసిరి. రాగిరేకుపై నున్న శకసంవత్సరమును బట్టియే మనము శాసనమును నమ్ముదుమా? లిపి చూతుము, భాష చూతుము, వంశక్రమము చూతుము. అట్లే పరీక్షకుడు పాత్రను తలక్రిందుచేసి, పూత పడని యడుగు అంచున మన్ను చూచును, బరువు చూచును, కుంచె నడక చూచును. శాస్త్రము వేఱైనను పరీక్షాధర్మ మొక్కటియే.

పెద్దలకు నా మనవి యిది. పొలము దున్నునప్పుడో, పాటిమన్ను త్రవ్వునప్పుడో మెఱుగు గల పెంకు కనబడినచో పాఱవేయకుడు. అది యే పొలమున, ఎంత లోతున దొరకెనో వ్రాసి యుంచుడు. చోటు తెలియని పెంకు సగము మూగది. పది రూపాయలకు మించిన నిక్షేపము భూమిలో దొరకినచో కలెక్టరునకు తెలుపవలెనని 1878 నాటి చట్టము చెప్పుచున్నది. నూఱేండ్లు దాటిన కళావస్తువులను దేశము దాటించుట 1972 నాటి చట్టముచే నిషిద్ధము. పాతసామాను వాడు తూకమునకు అడిగినప్పుడు ఒక దినము ఓర్చి, తెలిసినవారికి చూపుడు. సాలార్జంగు ధనముతో కాపాడిన దానిని మనము జాగ్రత్తతో కాపాడవచ్చును. దానికి జాగీరు అక్కఱలేదు.