ఇంటిబండిపై ఎండ

అమెరికాలోని ఆరిజోనా యెడారియందు క్వార్ట్‌జ్‌సైట్ అను చిన్న ఊరు కలదు. వంటయు పడకయు గల మోటారుబండ్లు శీతకాలమున వేలకొలది అచ్చట విడిది చేయును. మా కుమారుని బండిలో నేనును కొన్ని దినము లుంటిని. కప్పుపై నూరేసి వాట్ల సోలారు పలకలు రెండుండెను. అయినను ఒకనాటి అర్ధరాత్రి, నిద్రలో నేను ధరించు శ్వాసయంత్రము ఆగిపోయెను. ఉలికిపడి లేచితిని.

తెల్లవారగానే, పలకలు పెంచుమంటిని. మావాడు తల యూపలేదు. దోషము వేరుచోట నుండెను. దానికి పెద్ద చరిత్రయే యున్నది.

వెలుగు విద్యుత్తును పుట్టించునని 1839లో బెక్రెల్ కనుగొనెను. 1954లో బెల్ ప్రయోగశాలయందు చాపిన్, ఫుల్లర్, పియర్సన్ అను మువ్వురు చేసిన సిలికన్ సెల్లు ఎండలో నూటి కారువంతులను మాత్రమే విద్యుత్తుగా మార్చెను. 1958లో వాన్‌గార్డ్ ఉపగ్రహ మీ సెల్లులను మోసికొని పోయెను. బండికప్పు నెక్కుటకు ముందు ఇవి ఆకాశము నెక్కినవన్నమాట!

సీసపు బ్యాటరీ యింకను పాతది, 1859లో ప్లాంటే చేసినది. అది నిండుటకు పదునాలుగున్నర వోల్టులు కావలెను. వేడికి పలక వోల్టులు తగ్గును గనుక, ముప్పదియారు సెల్లులు వరుసగా కూర్చి, పదునెనిమిది వోల్టుల పలక చేసిరి. పాతరకపు కంట్రోలరు పలకను బ్యాటరీ వోల్టులకే దించును. పదమూడు వోల్టులు, అయిదున్నర ఆంపియర్లు: నూరు వాట్ల పలకనుండి డెబ్బదిరెండు! క్రొత్తరకము ఆ మిగులు వోల్టులను ఆంపియర్లుగా మార్చి యిచ్చును.

కంట్రోలరు నొక్కదానినే మార్చితిమి. మూడవనాటి రాత్రి యంత్రము తెల్లవారువరకు నడచెను. బ్యాటరీనికూడ లిథియముది వేయుదమని మావాడనెను. వెల విని నేనూరకుంటిని.