కర్నూలు ఖడ్గమృగం

చిట్టమూరులో పాఠం చెబుతూ ఒకనాడు 'ఖడ్గమృగం' అనే సమాసానికి విగ్రహవాక్యం చెప్పించాను. "అయ్యవారూ, అది మన తెలుగునాట ఉండేదా?" అన్నాడొక పిల్లవాడు. "అస్సాములో తప్ప ఎక్కడిదిరా!" అని నవ్వి కూర్చోబెట్టాను.

కర్నూలు సీమలో, బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహలను 1884-85లో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ తవ్వించారు. గుహల మట్టిలో దొరికిన ఎముకలను, పళ్ళను రిచర్డ్ లిడెకర్ పరిశీలించాడు. ఎముక తునకలైనా పన్ను నిలుస్తుంది. దానిమీది మడతలే జంతువుకు ఆనవాలు. వాటిలో ఖడ్గమృగం బయటపడింది! 1886లో ఆయన దానికి మన కర్నూలు పేరే కలిపి 'రైనోసెరస్ కర్నూలియెన్సిస్' అని నామకరణం చేశాడు.

ఇది నేను చదివేనాటికి ఉద్యోగ విరమణ కూడా అయిపోయింది. ఆ పిల్లవాడు ఇప్పుడెక్కడున్నాడో! ఉండేది నాయనా, ఉండేది.