మోట తోలు - ఆముదపు చుక్క



ఈనాడు గరిడేపల్లి పొలాల్లో నిలబడితే సాగర్ ఎడమ కాల్వ నీరు, కరెంటు మోటార్లు కనబడతాయి. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న పునాదిరాయి వేశారు. 1967 ఆగస్టు 4న కాల్వలకు నీరు వదిలారు. మరి అంతకు ముందు మన తాతలు మడి ఎట్లా తడిపేవారు? వాన, చెరువు, అవి చాలకపోతే మోటబావి. ఆ మోట తోలుతో చేసినది. తోలు మెత్తగా ఉన్నన్నాళ్లే నీరు పారేది. ఆ కథ ఈ పూట చెప్పుకుందాం.

మోట అంటే పెద్ద తోలు బొక్కెన. దాని అడుగున తొండం. ఎద్దులు దారి దిగుతూ మోకు లాగితే బొక్కెన గిలక మీదుగా పైకి వచ్చేది. గట్టు చేరేదాకా తొండం పైకి మడిచి ఉండాలి, చేరగానే చాపుకొని నీళ్లు గుమ్మరించాలి. రోజంతా అదే మడత! తోలు బిర్రుగా ఉంటే అక్కడే పగిలేది.

ఎందుకు బిర్రెక్కుతుంది? చర్మాన్ని సున్నపు నీళ్లలో నానవేసి, వెంట్రుక తీసి, తంగేడు చెక్క, కరక్కాయలతో లందలో ఊనవేసేవారు. అట్లా తయారైన తోలులో సన్నని నారపోగులు అల్లుకొని ఉంటాయి. నీటిలో నాని, ఎండలో ఎండి, లోపలి జిడ్డు పోగానే ఆ పోగులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. నూనె వాటి మధ్యకు చేరితే జారుడు వచ్చి తోలు మళ్లీ వంగుతుంది.

అందుకు మనవాళ్లు వాడినది ఆముదం. నల్లగొండ మెట్టచేలలో పండిన పంటే కదా! అవిసె నూనె గాలికి గట్టిపడుతుంది. ఆముదం అట్లా ఆరిపోదు.

అయితే సోదరులారా, ఒక మాట దాచకూడదు. మోటలు, కాడి వార్లు కుట్టిన మాదిగ సోదరులకు సామాన్య రైతులు గింజలు కొలిచేవారు. దొరలు మాత్రం వెట్టి కింద ఊరికే తీసుకునేవారు. తోలు మెత్తబరచిన చేతికి కూలి లేదు! 1946 నుండి 1951 వరకు సాగిన తెలంగాణ రైతాంగ పోరాటంలో వెట్టి రద్దు ముఖ్యమైన కోరిక. 1950 జనవరి 26న అమలైన రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. ఆ చేతిపని వెనుక విజ్ఞానం ఉందని చాటిన సంస్థ 1948లో మద్రాసులో ఏర్పడిన కేంద్ర తోలు పరిశోధన సంస్థ. గుంటూరు జిల్లాలో పుట్టిన యలవర్తి నాయుడమ్మ గారు దానికి డైరెక్టరుగా పనిచేశారు.

మీ అటకమీద పాత వారో, తోలు సంచో ఉన్నదా? ముందు దుమ్ము దులిపి, తడిగుడ్డతో తుడవండి. కొంచెం చెమ్మ ఉండగానే గోరువెచ్చని ఆముదం పలుచగా, లోపలివైపు రాయండి. నీడన ఒక పూట ఉంచి, మెల్లగా వంచుతూ మళ్లీ రాయండి. ఒక్కసారే పోయవద్దు. ఎండలో, పొయ్యి దగ్గర పెట్టవద్దు. తడితోలు వేడికి ముడుచుకుంటే మళ్లీ సాగదు. ముట్టుకుంటే ఎర్రపొడి రాలుతున్నదా? పోగులే తెగిపోయినవి, ఇక నూనె పనిచేయదు. డప్పు సంగతి వేరు. దానికి బిగువు కావాలి గనుక మంట కాపుతారు, నూనె పెట్టరు.

గ్రామసేవకులారా, మోట తోలినవారు, కుట్టినవారు మీ ఊళ్లో ఇంకా ఉంటే వారి ప్రక్కన కూర్చుని అడిగి వ్రాసుకోండి. నీరు మోసిన ఎద్దునూ, ఆ తోలు కుట్టిన చేతినీ మరచిపోతే మన సేద్యం చరిత్ర సగమే చెప్పినట్లవుతుంది.