బాబాయి లెన్సూ, కొల్లేటి గూడబాతులూ

మా బీరువాకి తాళం వేసేది నగలకోసం కాదు. నగలపెట్టె పక్కన, పాత పట్టుగుడ్డలో చుట్టిన కిలో బరువు నల్లగొట్టం ఒకటుంది, దానికోసం. మా బాబాయి లెన్సు అది. నికాన్ వాళ్ళది, 300 మిల్లీమీటర్లది. దాని మెడ పట్టుకుని చేత్తో తిప్పితేగాని బొమ్మ కుదురుకోదు.

బాబాయికి హనుమాన్ జంక్షన్‌లో ఫోటో స్టూడియో ఉండేది. బెజవాడ, ఏలూరు, గుడివాడ, నూజివీడు రోడ్లు కలిసే చోటాయె, పెళ్ళిళ్ళకి లోటా! కాని పెళ్ళికి ఈ లెన్సు దేనికి? పీటలమీది పెళ్ళికూతుర్ని తియ్యాలంటే వీధిలోకి నడవాలి. అయినాసరే 1980 ప్రాంతంలో, విదేశీ సరుకుమీద సుంకం వాయగొట్టే రోజుల్లో, పిన్ని కాసులపేరు అమ్మి మరీ అమెరికా చుట్టంచేత తెప్పించాడు. పిన్ని ఆర్నెల్లు మాట్లాడలేదంటే మాట్లాడదూ మరి!

ఇదంతా గూడబాతులకోసం. చిన్నప్పుడు తాతయ్య సైకిలుమీద తీసికెళ్ళి కొల్లేటి దగ్గర చెట్లనిండా చూపించాడట. అక్కడి గూళ్ళ సంగతి 1946లో లోకానికి చెప్పినవారు కె.కె. నీలకంఠన్ అనే మలయాళీ. అప్పుడు దాదాపు 3000 పక్షులు గూళ్ళు పెట్టేవి. 1975 నాటికి ఒక్కటీ మిగల్లేదు. పాపం బాబాయి! లెన్సు చేతికొచ్చేసరికి పక్షులు లేవు.

దూరపు బొమ్మ తీసే ఈ విద్య 1891 నాటిది. ఇంగ్లండులో డాల్‌మేయర్, జర్మనీలో స్టెయిన్‌హైల్, మీథే, ఎవరికి వారే కనిపెట్టారు. ముందు పొంగుటద్దాలు, వెనక గుంటటద్దాలు పెట్టి, బారెడు కావలసిన గొట్టాన్ని పొట్టి చేశారు. అయితే ఓ చిక్కు. వెలుగులోని రంగులు అద్దంలో తలో దారీ పడతాయి. తెల్లకొంగని తీస్తే రెక్కచుట్టూ ఊదారంగు అంచు! చీరకైతే అంచు అందం, కొంగకెందుకండీ? ఆ అంచు చాలావరకు పోగొట్టే ప్రత్యేకమైన గాజు ఈ లెన్సులో ఉంది. ధరంతా ఆ గాజుదే. ఎండకి దాని కొలత మారుతుందని, తిప్పే చుట్టు అనంతం గుర్తు దగ్గర ఆగకుండా కాస్త అవతలికి కూడా పోయేట్టు చేశారు. మన రోహిణీకార్తె వాళ్ళకెలా తెలిసిందో!

ఎండ సరే, వానాకాలం మాటేమిటి? మన డెల్టా చెమ్మకి ఊరగాయే బూజు పడుతుంది. అద్దంలో బూజు సాలెగూడులా అల్లుకుంటే ఇక అంతే. బాబాయి దీన్ని బిగుతుమూత డబ్బాలో సిలికాజెల్ పొట్లాలతో దాచేవాడు. ఆయన పోయాక పిన్ని ఆ డబ్బా నా ఒళ్ళో పెట్టి, "నా కాసులపేరు నీకిస్తున్నానే" అంది.

1999లో కొల్లేటిని అభయారణ్యం చేశారు. కైకలూరు పక్కన ఆటపాకలో అటవీశాఖవారు నీళ్ళలో ఇనప మంచెలు నిలబెడితే గూడబాతులు వాటిమీద కాపరం పెట్టాయి. మొన్న సంక్రాంతికి పిన్నిని తీసికెళ్ళాను. 1959 నుంచీ నికాన్ వాళ్ళ ఎస్సెల్లార్ కెమెరాల బిగింపు అదే కావడంతో లెన్సు నా కెమెరాకి ఇట్టే పట్టింది. మెల్లగా తిప్పుతుంటే మసకలోంచి ముందు ముక్కు, తరవాత ముక్కుకింద సంచీ, ఆ సంచీలో తల దూర్చిన పిల్ల!

పిన్నిని చూడమన్నాను. కళ్ళజోడు తీసి కన్ను ఆనించింది. ఎంతకీ తియ్యదే!

"పిన్నీ, బస్సు పోతుంది."

"ఉండవే, దానికింకా కడుపు నిండలేదు."