కొల్లేరు గూడబాతులు: గ్రామరక్షణ నుండి చట్టరక్షణకు

జీవరక్షణ చరిత్రను చట్టాల కాలక్రమంగా వివరించడం పరిపాటి. ఆ దృష్టితో చూస్తే కొల్లేరు పక్షుల చరిత్ర 1999 నాటి అభయారణ్య ప్రకటనతో మొదలవుతుంది. అయితే గూడబాతుల విషయంలో ఈ కాలక్రమం అసంపూర్ణం. చట్టానికి ముందే ఈ పక్షికి మనుషుల నడుమ నివాసం ఉంది.

చేప కోసం చెరువును, గూటి కోసం చెట్టును ఆశ్రయించడం గూడబాతు స్వభావం. ఆ చెట్టు తరచు ఊరి నడుమనే ఉండేది. 19వ శతాబ్దంలో దక్షిణ భారత పక్షులను పరిశీలించిన జెర్డాన్, కర్నాటిక్ ప్రాంతంలోని ఒక గ్రామంలో ఈ పక్షులు మనుషుల సామీప్యాన్ని లెక్కచేయక తరతరాలుగా గూళ్లు కట్టుకుంటున్నట్లు నమోదు చేశాడు. 1902లో కడప జిల్లాలో మరొక స్థావరం వెలుగులోకి వచ్చింది. 1946లో కె.కె. నీలకంఠన్ పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడులో మరొక స్థావరాన్ని గుర్తించి, 1949లో బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో దానిని వివరించాడు. ‘ఇందుచూడన్’ పేరుతో మలయాళ పాఠకులకు సుపరిచితుడైన పక్షిశాస్త్రవేత్త ఆయనే. నాడు అక్కడ గూడు కట్టిన పక్షులు దాదాపు 3000.

1970 దశకం మధ్య నాటికి ఈ స్థావరం ఖాళీ అయింది. ఈ కాలం గమనార్హం. కొల్లేటి భూములను చేపల చెరువుల కోసం సహకార సంఘాలకు కేటాయించడం 1976 నాటి మాట. చెరువుల విస్తృతి ఆ తరువాతిది. అంటే చెరువుల విజృంభణకు ముందే పక్షి ఊరిని విడిచింది. కనుక గూడబాతుల నిష్క్రమణకు చేపల చెరువులనే ఏకైక కారణంగా చూపడం చరిత్రకు సరిపడదు.

తరువాతి రక్షణ అంతా సరస్సు చుట్టూ సాగింది. 1999 అక్టోబరులో +5 కాంటూరు వరకు గల 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమైంది. 2002లో కొల్లేరు రామ్‌సర్ జాబితాలో చేరింది. సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ సిఫారసుల మేరకు 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట చెరువుల గట్లను తెగ్గొట్టారు. లంక గ్రామాల జీవనోపాధి ప్రశ్న అప్పుడే తీవ్రమైంది. పరిధిని +3 కాంటూరుకు కుదించాలని 2008లో రాష్ట్ర శాసనసభ తీర్మానించింది. వివాదమంతా కాంటూరు అంకె మీద నిలిచింది. కాంటూరు నీటి పరిధిని నిర్ణయించగలదు. ఊరికీ, ఊరి చెట్టు మీది గూటికీ గల సంబంధాన్ని నిర్ణయించలేదు.

ఈ లోపాన్ని గుర్తించడానికి గుజరాత్ అనుభవం తోడ్పడుతుంది. మైక్ పాండే డాక్యుమెంటరీ ‘షోర్స్ ఆఫ్ సైలెన్స్’ (2000) తిమింగల సొరల వేటను తెరకెక్కించింది. 2001లో ఆ జీవికి చట్టరక్షణ లభించింది. ఉద్యమం అంతటితో ఆగలేదు. 2004 నుండి సాగిన ప్రచారంలో మొరారి బాపు ఆ చేపను పురిటికి పుట్టింటికి వచ్చే ఆడపడుచుతో పోల్చాడు. చేపను విడిచిపెట్టేందుకు వల కోసుకున్న జాలరికి అటవీశాఖ పరిహారం చెల్లించింది. వేటగాడే రక్షకుడైనాడు. అక్కడ చట్టం, దృశ్యం, బంధుత్వ భావన, జీవనోపాధి ఒకే వరుసలో నడిచాయి. కొల్లేటిలో చట్టం ముందు నడిచింది, తక్కినవి వెనుకబడ్డాయి.

తెలుగునేల మీదే మరొక నిదర్శనం ఉంది. దొరవారిసత్రం సమీపంలోని నేలపట్టులో పక్షుల రెట్ట కలిసిన చెరువు నీరు పొలాలకు ఎరువైంది. పక్షుల రాకను గ్రామస్థులు శుభసూచకంగా భావించారు. విశ్వాసమూ ప్రయోజనమూ అక్కడ పరస్పర పోషకాలు.

గూడబాతులు నేడు కొల్లేటికి తిరిగి వచ్చాయి. కైకలూరు సమీపంలోని ఆటపాకలో అటవీశాఖ ఏర్పరచిన కృత్రిమ మంచెలపై అవి గూళ్లు కడుతున్నాయి. దేశవ్యాప్తంగానూ వాటి స్థితి కొంత మెరుగుపడింది. 2007లో అంతర్జాతీయ జాబితాలో వాటి ప్రమాదస్థాయిని ఒక మెట్టు తగ్గించారు. ఇది విస్మరించరాని విజయం. కాని ఆరేడులో గూటి కింద ఇల్లుండేది. ఆటపాకలో గూటిని చూడడానికి సందర్శకుడు పడవ ఎక్కాలి. పక్షి తిరిగి వచ్చినంత సులువుగా పొరుగు సంబంధం తిరిగి రాలేదు. కొల్లేటి చరిత్రను రచించినా, చిత్రీకరించినా, పక్షినీ లంకవాసినీ ప్రతివాదులుగా గాక ఒకే నీటి హక్కుదారులుగా నిరూపించినప్పుడే అది సమగ్రమవుతుంది.