నింగెన్ షిక్కాకు

నింగెన్ షిక్కాకు జపాను రచయిత ఒసాము దజాయ్ (1909-1948) రచించిన నవల. ఈ పేరుకు మనిషి అనిపించుకొనే అర్హత కోల్పోవటం అని అర్థం. 1948లో టెన్‌బో అనే పత్రికలో ధారావాహికగా వెలువడినది. తోటి మనుషులంటే భయపడి, ఆ భయాన్ని హాస్యమనే ముసుగు వెనుక దాచుకొన్న ఒక యువకుని కథ ఇది. ఆధునిక జపనీయ సాహిత్యంలో మనిషి ఏకాకితనాన్ని చిత్రించిన ప్రముఖ నవలలలో దీనిని ఒకటిగా పరిగణిస్తారు.

రచయిత

దజాయ్ అసలు పేరు షూజీ త్సుషిమా. ఉత్తర జపానులోని అవొమొరి ప్రాంతంలో కనగి అనే ఊరిలో, సంపన్న భూస్వాముల కుటుంబంలో జన్మించాడు. యౌవనంలో కుటుంబానికి దూరమయ్యాడు. మత్తుమందుకు బానిసై 1936లో ఆసుపత్రిలో చేరవలసి వచ్చినది. 1947లో వెలువడిన షాయో అనే నవల ఆయనకు విశేష కీర్తి తెచ్చినది. 1948 జూన్ 13న, నింగెన్ షిక్కాకు పూర్తిగా అచ్చు కాకముందే, ఆత్మహత్య చేసుకొన్నాడు.

నిర్మాణం

నవలలో ఒక ముందుమాట, మూడు నోటుపుస్తకాలు, ఒక ముగింపు ఉన్నాయి. ముందుమాటలో పేరు చెప్పని ఒక వ్యక్తి కథానాయకుని మూడు ఛాయాచిత్రాలను వర్ణిస్తాడు. మొదటి దానిలో పిల్లవాడు నవ్వుతున్నట్లు ఉంటాడు, కానీ అతని పిడికిళ్ళు బిగిసి ఉంటాయి. చివరి చిత్రంలోని ముఖంలో ఏ భావమూ కనిపించదు. నోటుపుస్తకాలు కథానాయకుడైన ఓబా యోజో స్వయంగా వ్రాసుకొన్నవి.

కథాసంగ్రహం

యోజోకు ఇతరుల సుఖదుఃఖాలు అర్థం కావు. వారికి కోపం రాకుండా ఉండాలని చిన్నతనం నుండే కోణంగి వేషాలు వేసి నవ్విస్తాడు. ఒకసారి తండ్రి టోక్యో నుండి ఏమి తేవాలని అడిగితే జవాబు చెప్పలేకపోతాడు. తండ్రి తనకు సింహనృత్యపు ముసుగు కొనాలనుకొన్నాడని తరువాత గ్రహించి, రాత్రి రహస్యంగా వెళ్ళి తండ్రి పుస్తకంలో ఆ మాటే వ్రాసి వస్తాడు. తండ్రి సంతోషిస్తాడు. కుమారునికి నిజంగా ఏమి కావాలో మాత్రం ఎవరికీ తెలియదు.

పాఠశాలలో యోజో కావాలని క్రిందపడి అందరినీ నవ్వించినప్పుడు, తకెయిచి అనే బలహీనుడైన విద్యార్థి ఒక్కడే అది నటన అని కనిపెడతాడు. భయపడిన యోజో అతనితో స్నేహం చేస్తాడు. తరువాత తాను గీసిన భీకరమైన స్వీయచిత్రాలను అతనికి మాత్రమే చూపుతాడు. ముసుగు లేని తన రూపాన్ని చూపిన ఆ చిత్రాలు ఇళ్ళు మారటంలో పోతాయి.

టోక్యోలో హోరికి అనే మిత్రుని వలన మద్యానికి అలవాటుపడతాడు. ఒక స్త్రీతో కలిసి సముద్రంలో దూకగా ఆమె మరణించి, అతను బ్రతుకుతాడు. వ్యంగ్యచిత్రాలు గీస్తూ కొంతకాలం గడిపి, చివరకు మార్ఫిన్‌కు బానిసై మానసిక చికిత్సాలయం చేరతాడు. కథ ముగిసేనాటికి అతని వయస్సు 27 సంవత్సరాలు.

ముసుగు, సమాజం

యోజో ముసుగు మోసగించటానికి వేసుకొన్నది కాదు, బ్రతకటానికి వేసుకొన్నది. అయితే అది ఎంత బాగా పనిచేస్తే అతను అంత ఒంటరివాడవుతాడు. నవ్వేవారు ఇష్టపడేది అతని వేషాన్నే.

జపనీయులు లోకం అనే అర్థంలో వాడే మాట సెకెన్. లోకం నిన్ను క్షమించదని హోరికి హెచ్చరించినప్పుడు, ఆ లోకం హోరికియే కదా అని యోజో మనసులో అనుకొంటాడు. లోకం పేరిట మాట్లాడేది ఒక వ్యక్తి మాత్రమేనన్న ఈ గ్రహింపు అతనికి కొంత ధైర్యమిస్తుంది.

నవల చివరలో ఒక మద్యశాల యజమానురాలు యోజో ఎంతో మంచివాడని, తప్పు అతని తండ్రిదని అంటుంది. తాను అనర్హుడనని యోజో ఇచ్చుకొన్న తీర్పును ఈ మాట సందేహంలో పడవేస్తుంది.

కొన్ని సంఘటనలు రచయిత జీవితాన్ని పోలి ఉన్నందున పలువురు దీనిని ఆత్మకథగా చదువుతారు. కానీ యోజో అనామకుడు. దజాయ్ అప్పటికే పేరుపొందిన రచయిత, భార్యాపిల్లలు కలవాడు.

ఇదే కోవకు చెందిన నవలలు

యుకియొ మిషిమా 1949లో వ్రాసిన కామెన్ నొ కొకుహకులో, పురుషులపై తనకు గల ఆకర్షణను దాచుకొనే యువకుడు కథకుడు. కోబో అబె 1964 నాటి నవల తానిన్ నొ కావొలో, ప్రమాదంలో ముఖం పాడైన శాస్త్రజ్ఞుడు నిజమైన ముసుగే తయారుచేసుకొని, పరాయివానిగా భార్యను సమీపిస్తాడు. ఆమె అతన్ని ముందే గుర్తుపడుతుంది.

అనువాదాలు, రూపాంతరాలు

డొనాల్డ్ కీన్ చేసిన ఆంగ్లానువాదం నో లాంగర్ హ్యూమన్ పేరుతో 1958లో వెలువడినది. ఈ నవల ఆధారంగా 2010లో ఒక జపనీయ చలనచిత్రం విడుదలైనది. జున్‌జీ ఇతో దీనిని మాంగాగా కూడా రూపొందించాడు.