కారే కప్పులు, కొండ దారులు

అమెరికాలోని తూర్పు కెంటకీ కొండల్లో బొగ్గు గని కంపెనీలు 20వ శతాబ్దపు తొలి దశకాల్లో కట్టించిన చాలా ఇళ్లకు గోడల్లో గుంజలే ఉండవు. కోత మిల్లు నుంచి వచ్చిన పచ్చి పలకలను నిలువుగా పక్కపక్కన నిలబెట్టి, పైనొక దూలానికీ కిందొక దూలానికీ మేకులు కొట్టేవారు. పలకల మధ్య సందుల మీద సన్నని బద్దలు బిగిస్తే గోడ అయిపోయినట్టే. పునాది తవ్వే పని లేదు. రాళ్లు పేర్చి వాటి మీద దూలాలు పరిచేవారు. పలకలు ఎండి, సందులు విడి, చలిగాలి లోపలికి కొడుతుంటే ఆడవాళ్లు పిండి ఉడికించిన జిగురుతో పాత వార్తాపత్రికలు గోడలకు అంటించుకునేవారు. గని నడిచినన్నాళ్లు నిలిస్తే చాలన్న లెక్కతో కట్టిన ఇళ్లవి. గనులు మూతపడ్డాక కూడా మనుషులు దశాబ్దాల తరబడి వాటిలోనే కాపురం చేశారు.

1969 వేసవిలో అలాంటి కొండ ఇళ్లను బాగుచేయడానికి బార్బర్‌విల్ అనే చిన్న పట్నానికి యాభై మంది వాలంటీర్లు వచ్చారు. చాలామంది బడి వయసు పిల్లలే. వాళ్లను పిలిపించినవాడు గ్లెన్ ఇవాన్స్ అనే మెథడిస్టు పాదిరి. టెక్సస్ మనిషి కావడంతో అందరూ ‘టెక్స్’ అనే పిలిచేవారు. ఆ వేసవిలో వాళ్లు నాలుగు కుటుంబాల ఇళ్లు బాగుచేశారు. అపలాచియా అన్న ఆ కొండ ప్రాంతం పేరు మీద, అపలాచియా సర్వీస్ ప్రాజెక్ట్‌గా మొదలైన ఆ పని తర్వాత టెనెస్సీ, వర్జీనియా, వెస్ట్ వర్జీనియా, నార్త్ కరోలినా కొండలకూ పాకింది. వేసవి సెలవుల్లో ఒక వారం కొండలకు వెళ్లి ముక్కూ మొహం తెలియని వాళ్ల ఇంటి కప్పు వేసి రావడం ఈనాడు అమెరికా చర్చిల్లో ఒక ఆనవాయితీ. అది స్థిరపడటంలో ఆ నాలుగిళ్ల వేసవికి పెద్ద పాత్రే ఉంది.

ఆ కొండల కింద ఉన్నది మామూలు సంపద కాదు. 1880ల నుంచే బయటి కంపెనీల తరఫు మనుషులు లోయలు తిరిగి, భూమి రైతుకే వదిలేసి అడుగునున్న ఖనిజం మాత్రం కొనుక్కుపోయారు. ఎకరాకు అర డాలరుకు అమ్ముకున్నవాళ్లూ ఉన్నారు. ఆ దస్తావేజుల్లో బొగ్గు తీయడానికి ఏం కావాలంటే అది చేసుకునే హక్కు కంపెనీకి రాసేశారు, పైన జరిగే నష్టానికి పూచీ లేకుండా. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత గనుల్లోకి యంత్రాలు దిగాయి. 1950 నుంచి పదేళ్లలో అమెరికా బొగ్గు గనుల్లో సగానికి పైగా ఉద్యోగాలు ఊడాయి. 1940 నుంచి 1970 లోపల మొత్తం అపలాచియా ప్రాంతం నుంచి ముప్పై లక్షలకు మించి జనం డెట్రాయిట్, సిన్సినాటి, షికాగోల వైపు వలసపోయారు. ఉన్న ఊరు వదల్లేనివాళ్లూ, వదిలే ఓపిక లేని ముసలివాళ్లూ కారే కప్పుల కింద మిగిలారు.

వాళ్లను దేశం చూసింది. చూడటంలోనే మొదటి చిక్కు వచ్చింది.

1963లో హ్యారీ కాడిల్ అనే స్థానిక లాయరు ‘నైట్ కమ్స్ టు ది కంబర్లాండ్స్’ అనే పుస్తకంలో ఈ కొండల దుర్గతిని దేశం ముందు పెట్టాడు. మరుసటి ఏడు జనవరిలో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ పేదరికం మీద యుద్ధం ప్రకటించి, ఏప్రిల్ 24న హెలికాప్టర్‌లో తూర్పు కెంటకీలోని ఇనెజ్ దగ్గర దిగి ఒక నిరుద్యోగి ఇంటి అరుగు మీద కూర్చుని ఫొటోలు దిగాడు. ఆ తర్వాత కెమెరాలు బారులు తీరాయి. చిరుగు బట్టల పిల్లలు, వంగిన అరుగులు, బొగ్గు మసి మొహాలు ఇంటింటా టీవీలో కనిపించాయి. బయటి ప్రపంచానికి జాలి కలిగింది. కొండవాళ్లకు తల కొట్టేసినట్టయింది.

1967 సెప్టెంబరులో లెచర్ కౌంటీలోని జెరెమయా అనే ఊళ్లో ఆ అవమానం తుపాకీగా పేలింది. కెనడాకు చెందిన హ్యూ ఓకానర్ అనే చిత్ర దర్శకుడు తన బృందంతో అక్కడ ఒక అద్దె ఇంటి అరుగు మీద కూర్చున్న గని కార్మికుణ్ణి చిత్రీకరిస్తున్నాడు. కార్మికుడు ఒప్పుకున్నాకే తీస్తున్నారు. ఇంటి యజమాని హోబర్ట్ ఐసన్ మాత్రం తుపాకీ పట్టుకొచ్చి, వాళ్లు సామాను సర్దుకుని వెళుతుండగానే కాల్చేశాడు. ఓకానర్ అక్కడికక్కడే చనిపోయాడు. చుట్టుపక్కల చాలామంది చంపినవాడి పక్షాన నిలబడ్డారు. పదేళ్ల శిక్ష పడ్డ ఐసన్ ఏడాదికే పెరోలు మీద బయటికొచ్చాడు. ఆ హత్యను ఏ న్యాయమూ సమర్థించదు. కానీ బయటివాడు వచ్చి తన ఇంటి వంక చూస్తే ఆ కొండ మనిషికి లోపల ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం లేదు. ఇది జరిగిన రెండేళ్లకే ఇవాన్స్ యాభై మంది పరాయి ఊరి వాలంటీర్లను అలాంటి అరుగుల మీదికి ఎక్కించాడు.

ఇవాన్స్ కొత్తగా వచ్చి కొండలను కనిపెట్టినవాడు కాడు. హైరమ్ ఫ్రేక్స్ అనే మెథడిస్టు పాదిరి 1925లో బెల్ కౌంటీ లోపలి లోయలో హెండర్సన్ సెటిల్‌మెంట్ అనే బడి పెట్టాడు. ఆ ఊరికి ఆయన పేరే స్థిరపడింది. ఇవాన్స్ అదే సెటిల్‌మెంట్‌ను ఏళ్ల తరబడి నడిపాడు. జనం మాటతీరు, పట్టింపులు, ఎదుటివాడు పెట్టింది తినకపోతే వచ్చే కోపం, అన్నీ ఆయనకు తెలుసు. మనిషి ఎక్కడున్నాడో అక్కడే, ఎలా ఉన్నాడో అలాగే ఒప్పుకుని ప్రేమించాలన్నది ఆయన పిల్లలకు పెట్టిన మొదటి నియమం. చర్చికి వస్తారా, తాగుతారా, ఇల్లు శుభ్రంగా ఎందుకు పెట్టుకోలేదు వంటి ప్రశ్నలకు అక్కడ చోటు లేదు. చర్చి పేరు మీద వెళ్లి మత ప్రచారం చేయకుండా మేకులు కొట్టి రావడం మామూలు సంగతిగా అనిపించవచ్చు. దశాబ్దాలుగా బయటి మిషనరీల దయనూ ఉపదేశాన్నీ ఒకే చేత్తో అందుకున్న ఆ కొండల్లో అది చాలా పెద్ద మార్పు.

పని నడిచే తీరు చూస్తే ఆ నియమం ఎంత లోతుగా పాతుకుందో తెలుస్తుంది. పిల్లలు ఆదివారం వచ్చి ఏ బడిలోనో గదుల్లో నేల మీద పడుకుంటారు. ప్రయాణం ఖర్చు వాళ్లదే. పైగా ఒక్కొక్కరు కొంత రుసుము కట్టి రావాలి. సామాను కొనడానికి అది పనికొస్తుంది. ఇంటివాళ్ల దగ్గర పైసా తీసుకోరు. వేసవంతా కేంద్రాన్ని నడిపేది కాలేజీ వయసు యువతీయువకులే. కొందరు పిల్లలు, ఇద్దరు పెద్దలు కలిసి ఒక జట్టు. సోమవారం పొద్దున ఒక ఇల్లు అప్పగిస్తారు. మధ్యాహ్నం అన్నం ఆ ఇంటి దగ్గరే. పని వెనకబడినా సరే, ఇంటివాళ్లతో కూర్చుని మాట్లాడటం కూడా పనిలో భాగమే.

స్నానాల గది నేల మెత్తబడిందని ఇంటావిడ చెబుతుంది. పిల్లవాడు కాలు పెట్టి చూస్తే పరుపు మీద అడుగేసినట్టు దిగుతుంది. పైన పరిచిన షీటు లాగేస్తే నల్లబడ్డ పలక చేతికే ఊడొస్తుంది. దాని కింద, ఏళ్ల తరబడి కారిన గొట్టం నీటికి అడ్డదూలాలు పుచ్చిపోయి ఉంటాయి. అప్పుడొకరు ఇంటి కిందికి పాక్కుంటూ దూరాలి. నిబ్బరంగా ఉన్న నేల చూసి, మందపాటి చెక్క ముక్క పరిచి, దాని మీద జాకీ నిలపాలి. జాకీని ఒక్క ఉదుటున తిప్పితే పైన కిటికీ అద్దాలు పగులుతాయి, గొట్టాల కీళ్లు విడతాయి. అందుకని కాస్త తిప్పి, ఆగి, పైనున్నవాళ్లను అడిగి, మళ్లీ కాస్త తిప్పుతారు. దూలం మట్టానికి వచ్చాక పుచ్చిన భాగం కోసి, గట్టి కలప పక్కన ఆనించి బోల్టులు బిగిస్తారు. చెమ్మ పైకి రాకుండా మట్టి మీద ప్లాస్టిక్ పట్టా పరుస్తారు. ఆ తర్వాతే ప్లైవుడ్డు. ఇంత చేస్తే ఐదు రోజుల్లో పూర్తయ్యేది ఒక గది నేల. కప్పు పని మిగిలితే అది తర్వాతి వారం జట్టుకు పోతుంది. మొదటి వారం పాత రేకులు పీకినవాళ్లు కొత్త కప్పు ఎలా ఉందో చూడకుండానే వెళ్లిపోతారు.

చక్రాల కుర్చీలో ఉన్న మనిషికి వాలు దారి కట్టడం ఇంకో ముఖ్యమైన పని. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవుండాలన్నది అమెరికాలో పాటించే లెక్క. అరుగు మూడడుగుల ఎత్తుంటే ముప్పై ఆరడుగుల చెక్క దారి కావాలి. లోయలో అంత చదునైన చోటు దొరకదు గనుక దారి మలుపు తిరుగుతుంది. ఎన్నో ఏళ్లుగా గడప దాటని మనిషి ఆ మలుపు మీదుగా రోడ్డెక్కుతుంది.

పాతది పడగొట్టి కొత్తిల్లు కట్టివ్వచ్చు కదా అని అడిగేవాళ్లకు జవాబు భూమి పత్రాల్లో ఉంది. తాత పేరున ఉన్న భూమి ముక్క వీలునామా లేకుండానే కొడుకులకూ, వాళ్ల పిల్లలకూ ఉమ్మడిగా దిగుతుంది. వాటాదారుల్లో ఒకరు ఒహాయోలో, ఇంకొకరు మిషిగన్‌లో. పట్టా పేరు మారని పొలంతో తంటాలు పడ్డ తెలుగు రైతుకు ఈ కథ విడమరిచి చెప్పక్కర్లేదు. హక్కు తేలని ఇంటికి బ్యాంకు అప్పివ్వదు. అమెరికా విపత్తు సహాయ సంస్థ ఫీమా కూడా 2021 సెప్టెంబరు దాకా ఇలాంటి ఇళ్లవాళ్ల దగ్గర యాజమాన్య పత్రాల కోసం పట్టుబట్టేది. సుత్తె పట్టుకుని వచ్చిన చర్చి పిల్లలకు ఆ ఇంటి కింద దస్తావేజు ఎవరి పేర ఉందన్న పట్టింపు అంతగా లేదు. ఎవరుంటున్నారో వాళ్ల కప్పు కారకుండా చేశారు. మరమ్మతు చిన్న పనే, కానీ కాయితాలు తలుపు మూసిన చోట లోపలికి వెళ్లగలిగింది అదొక్కటే.

అయినా కప్పు వేయడంతో తీరని బాధ ఒకటి ఆ కొండల్లో ఎప్పుడూ ఉంది. 1965 నవంబరులో నాట్ కౌంటీలో ఆలీ కూంబ్స్ అనే అరవై దాటిన వితంతువు తన ఇంటి మీది వాలును తవ్వుతున్న బుల్‌డోజర్ ముందు కూర్చుంది. పోలీసులు ఆమెను ఎత్తుకుపోయారు. ఆ ఏడు థాంక్స్‌గివింగ్ పండగ భోజనం ఆమె జైల్లోనే చేసింది. పైన కొండ తవ్వేస్తే వానకు బురదా బండలూ కింది ఇంటి మీదికే వస్తాయి. ఏ వాలంటీరు మరమ్మతూ దాన్ని ఆపలేదు. బిరియా కాలేజీ చుట్టూ 1964లో పుట్టిన అపలాచియన్ వాలంటీర్స్ మొదట ఒంటిగది బడుల కిటికీలు, గోడలు బాగుచేశారు. తర్వాత వాళ్ల చూపు కొండ తవ్వకాల మీదికి మళ్లింది. 1967 ఆగస్టులో వాళ్ల బృందం మనిషి ఒకడితో పాటు మరో ఇద్దరు కార్యకర్తలను పైక్ కౌంటీలో రాజద్రోహం కింద అరెస్టు చేశారు. ఆ చట్టమే చెల్లదని కోర్టు కొట్టేసింది గానీ, సర్కారు డబ్బు ఆగి ఆ సంస్థ ఎన్నాళ్లో నిలవలేదు.

ఇవాన్స్ బాట వేరు. అది కౌంటీ పెద్దలతో తలపడలేదు, అందుకే బతికింది. దాన్ని తప్పనడం తేలిక. కానీ ఆ చలికాలం గడవాల్సిన ముసలమ్మకు దస్తావేజు చట్టం మారేదాకా ఆగే వీలు లేదు. కెంటకీలో ఆ పాత దస్తావేజుల పేరు చెప్పి కొండలను పైనుంచి తవ్వడం 1988లో ఓటర్లు రాజ్యాంగ సవరణకు ఓటేస్తేనే ఆగింది. కూంబ్స్ బుల్‌డోజర్ ముందు కూర్చున్న 23 ఏళ్లకు. ఆ 23 చలికాలాలూ కప్పులు కారుతూనే ఉన్నాయి. రెండు పనులూ కావలసినవే. ఒకటి చేసినవాళ్లు రెండోదాన్ని చిన్నచూపు చూడాల్సిన అవసరం లేదు.

ఆ కాలానికి అటూ ఇటూగా ఇలాంటి పనులు మరికొన్ని చోట్ల మొలిచాయి. ఆయుధం పట్టని క్రైస్తవ శాఖవాళ్లు మెనొనైట్లు 1950లో కాన్సస్‌లో విపత్తు సేవా బృందం కట్టారు. తూర్పు కెంటకీలోనే ఫాదర్ రాల్ఫ్ బైటింగ్ అనే కాథలిక్ పాదిరి నడిపిన క్రిస్టియన్ అపలాచియన్ ప్రాజెక్ట్ ఇళ్ల మరమ్మతును ముఖ్యమైన పనిగా పెట్టుకుంది. జార్జియాలో నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి బతికిన కొయినోనియా పొలం నుంచి మిలర్డ్ ఫుల్లర్ 1976లో హాబిటాట్ ఫర్ హ్యుమానిటీని లేపాడు. అది మొదలుపెట్టింది మరమ్మతు కాదు, వడ్డీ లేని వాయిదాల మీద కొత్తిల్లు. ఆ సంస్థ భారతదేశంలో తొలి అడుగు 1983లో ఖమ్మంలో వేసింది.

2022 జులై చివర్లో తూర్పు కెంటకీలో కుంభవృష్టి కురిసి నలభై మందికి పైగా చనిపోయారు. లోయల్లో ఇళ్లు దిమ్మెల మీద నుంచి లేచి కొట్టుకుపోయాయి. కొండలను కోసి బొగ్గు తీసిన చోట కురిసిన నీరు ఇంకా వడిగా దిగిందని అక్కడివాళ్లు నమ్ముతారు. మెనొనైట్లు, అపలాచియా సర్వీస్ ప్రాజెక్ట్, ఫాదర్ బైటింగ్ సంస్థ, ఈ మూడు బృందాలూ అక్కడ దిగి బురద ఎత్తారు, నేలలు వేశారు, కొత్త ఇళ్లూ కట్టారు. వరద అందని ఎత్తులో ఊళ్లు కట్టాలని రాష్ట్ర ప్రభుత్వం స్థలాల కోసం వెతికింది. నిటారు కొండల మధ్య ఎత్తుగా, చదునుగా దొరికినవాటిలో పాత బొగ్గు తవ్వకాల భూములు ఉన్నాయి. నాట్ కౌంటీలోనూ పక్కనున్న పెర్రీ కౌంటీలోనూ అలాంటి నేల మీద ఇళ్లు లేచాయి. కొందరు సంతోషంగా పైకి వెళ్లారు. తాతలనాటి భూమి వదిలేది లేదన్నవాళ్లు కిందే ఉండిపోయారు. వాళ్ల ఇళ్లకు జాకీలు, ప్లైవుడ్డు, రేకులు వేసవికి వేసవి వస్తూనే ఉన్నాయి.